ఆ ఒక్క తెల్లచుక్క

డాక్టరమ్మ కాఫీ తేవడానికి వెళ్తూ తెర ఆర్పడం మరిచిపోయింది. తెర మీద మా ఆయన పొత్తికడుపు లోపలంతా కనిపిస్తోంది.

ప్రొస్టేట్‌లో క్యాన్సరని రెండు నెలల క్రితమే తేలింది. అది లింఫు గ్రంథులన్నిటికీ పాకి ఉంటే ఆపరేషన్ లేదు, ఆశా లేదు. ఆ సంగతి కనిపెట్టడానికే నిన్న కంటికి ఆనని ఇనుప రేణువులను సెలైన్‌లో కలిపి ఎక్కించారు. ఒకరోజు ఆగి ఈ ఉదయం స్కాన్ తీశారు. నలభై ఏళ్లు వాల్ నది మీద సరుకు పడవ నడిపిన మనిషి మా వీబ్రెన్. "బతుకంతా పడవకి తుప్పు గీకాను, ఇప్పుడు నాకే పట్టిస్తున్నారు" అని నర్సును నవ్వించాడు. ఆవిడ ఏదో వివరించింది కానీ భయంలో నా బుర్రకెక్కలేదు.

"నువ్వు చూడకయ్యా" అన్నాను. నేను మాత్రం కళ్లద్దాలు పెట్టుకున్నాను.

నల్లచుక్కలు. లెక్కపెట్టాను, పదకొండు. ఇన్ని చోట్లకి పాకిందా అనుకున్నాను. కింద మూలన ఒక్కటి మాత్రం తెల్లగా, శుభ్రంగా ఉంది. ఆ ఒక్కదాన్నైనా కాపాడమని దేవుణ్ణి వేడుకున్నాను.

"ఏంటే, మొహం అలా పాలిపోయింది?"

"కాఫీ ఇంకా రాలేదని."

"వస్తుందిలే. ఒక్కో బిస్కెట్టిచ్చి డబ్బా మూసేస్తుంది, మన దేశంలో ఎవరింట్లోనైనా అంతేగా. జాలిపడి మూసెయ్యలేదనుకో, నా పని అయిపోయినట్టే!"

డాక్టరమ్మ వచ్చింది. కాఫీలిచ్చి, డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టింది. తలో బిస్కెట్టు తీసుకున్నాం. ఆవిడ మూత పెట్టలేదు. వీబ్రెన్ నమలడం ఆపేశాడు.

"సూటిగా చెప్పేస్తాను. ఈ నల్లవన్నీ బాగున్నవే. మంచి గ్రంథి ఇనుమును పీల్చుకుని నల్లబడుతుంది. క్యాన్సరున్న చోట ఇనుము నిలవదు." ఆమె వేలు నా తెల్లచుక్క మీద ఆగింది. "ఇదొక్కటే."

ఇంతసేపూ నేను కాపాడమని వేడుకున్నది దీన్నా! నా మీద నాకే ఒళ్లు మండింది.

నేనే అడిగాను. "మరి ఆపరేషన్?"

"చేస్తాం. చోటు తెలిసింది కాబట్టి దీన్నీ తీసేస్తాం. కానీ మరీ చిన్నవి ఉంటే ఈ స్కాన్‌కి కూడా దొరకవు. లేవని మాటివ్వలేను."

వీబ్రెన్ తలూపి, తనే డబ్బా మూత అందుకున్నాడు. అది సరిగ్గా కూర్చోలేదు. నేనూ చెయ్యి వేశాను. ఇద్దరం కలిసి గట్టిగా నొక్కి మూసేశాం.