లచ్చి పలుపు

చదువుకోకపోతే గాడిదలు కాస్తావని హన్మంతును వాళ్ళ నాయిన చిన్నప్పుడు బెదిరించేవాడు. ఆ మాటకు ఏ దేవత తథాస్తు అన్నదో గానీ, యాభై దాటాక, అదీ దుబాయ్ వచ్చి, హన్మంతు గాడిదలే కాస్తున్నాడు.

దుబాయ్ అనేది ఊళ్ళోవాళ్ళ మాట. అతనున్నది ఉమ్ అల్ క్వైన్‌లో, ఊరికి ఎడంగా ఇసుకలో వేసిన రేకుల షెడ్లలో. దిక్కులేని జంతువులను తెచ్చి సాకే చోటది. నడిపేది రజియా బేగం అనే హైదరాబాదు ఆవిడ. అంతకుముందు హన్మంతు దుబాయ్‌లోనే అల్ ఖూజ్ కూలీల క్యాంపులో ఉండి షట్టరింగ్ పని చేసేవాడు. కరోనాలో కంపెనీ ఖలాస్ అయింది. అవే రోజుల్లో, సొంత దేశాలకు పోయేవాళ్ళు సోఫాలను కార్గోలో వేసుకుని కుక్కలను రోడ్డుమీద వదిలిపోయారు. అట్లాంటి కుక్క ఒకటి క్యాంపు గేటు దగ్గర చేరి, హన్మంతు పెట్టిన రొట్టె తిని బతికింది. రజియా బేగం వ్యాను తెస్తే కుక్క ఎక్కనంది. హన్మంతు ఎక్కితే ఎక్కింది. ఆ తర్వాత కుక్కను ఎవరో ఇష్టపడి తీసుకుపోయారు. హన్మంతు ఇక్కడే ఉండిపోయాడు.

ఇంట్లో మాత్రం వాచ్‌మన్ పని అని చెప్పాడు. గాడిదల లద్దె ఎత్తుతున్నానని చెబితే, ఊళ్ళో ఆ ముచ్చట పెళ్ళిపందిళ్ళ దాకా పోతుంది.

అయినా భార్య బాలవ్వతో మాట్లాడటానికి పెద్దగా ఏముంటుంది? తిన్నవా అంటే తిన్న. వాన పడ్డదా అంటే పడ్డది. అక్కడితో మాటలు అయిపోయి, ఇద్దరూ ఫోను పట్టుకుని ఒకరి ఊపిరి ఒకరు వింటూ ఉండేవారు. సెలవుల్లో ఇంటికి పోయినా అంతే. చుట్టం వచ్చినట్టు మంచం వేసి కూర్చోబెట్టేది. ఏ గిన్నె ఎక్కడుందో అతనికి తెలియదు. మొగుడూ పెళ్ళాం కొట్లాడుకోవాలన్నా ఇద్దరికీ తెలిసిన సంగతి ఒకటుండాలి కదా. కంపెనీ పోయినప్పుడు తిరిగి ఇంటికి పోకపోవడానికి అసలు కారణం అదే. పోయి ఆ మంచం మీద ఏం చేయాలి?

అట్లా నడుస్తుండగా ఒకరోజు ఖోర్ ఫక్కాన్ కొండదారిలో దొరికిందని ఒక ఆడగాడిదను తెచ్చారు. ముందుకాలికి తీగ దిగి పుండు పడింది. చిక్కి ఎముకలు లెక్కపెట్టేట్టుంది. మందులు డాక్టరు ఇచ్చాడు. కడగడం, కట్టడం, పట్టుకుని నడిపించడం హన్మంతు పని. పీచుతాళ్ళు విప్పి, మెడకు ఒరుసుకోకుండా మెత్తగా ఒక పలుపు పేనాడు. కాలు నిలిచాక అది అతని వీపుకు తల ఆనించి నిలబడటం నేర్చింది. లచ్చి అని పేరు పెట్టాడు.

ఒక సాయంత్రం బాలవ్వతో మాట్లాడుతుంటే లచ్చి పక్కనే గొంతెత్తింది.

"అదేందయ్యా, ఆ సప్పుడు?"

"మిషను."

"మిషను గాడిద లెక్క ఒర్రుతదా?"

ఇక దాచి లాభం లేదని మొత్తం చెప్పాడు. తిడుతుందని కాచుకున్నాడు. బాలవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో హన్మంతుకు గుర్తుకు రాలేదు.

"మీ నాయిన ఉంటే మస్తు సంబురపడుతుండె" అంది చివరికి. తర్వాత, కాలి పుండు ఎంత లోతుందని అడిగింది. పేరేమిటని అడిగింది. చెబితే, "మన బర్రె పేరా" అంది.

అతని వీసా కోసం అమ్మిన బర్రె పేరు లచ్చి.

ఆనాటి నుంచి ఫోను చేతికి వస్తే దిగేది కాదు. వేపనూనె రాయమని ఆమె, ఇక్కడి డాక్టరు ఒప్పుకోడని ఇతను. డాక్టరుకేం తెలుసు అని ఆమె. చివరికి మలయాళీ దుకాణంలో వేపనూనె దొరకబట్టి, పుండుకు కాకుండా దాని చుట్టూ రాసి, రాశానని చెప్పాడు. గడ్డి ఎందుకు తినలేదు, చలికి గోనె కప్పినవా, అది నిన్ను గుర్తుపడుతున్నదా అని రోజూ అడిగేది. గాడిదను అడిగి అడిగి, మెల్లగా మనిషి సంగతీ అడగసాగింది. నీ మోకాలు నొప్పి ఎట్లుంది? రాత్రి నిద్ర పడుతున్నదా? హన్మంతు ఫోను పెట్టేసి లచ్చి మెడ గోకుతూ చీకటి పడేదాకా అక్కడే నిలబడేవాడు.

అందుకే లచ్చిని తీసుకుపోయి సాకుతామని ఎవరు వచ్చినా, కాలు ఇంకా నయం కాలేదని చెప్పి పంపించేవాడు. రజియా బేగం కొన్నాళ్ళు ఊరుకుంది. తర్వాత లచ్చి షెడ్డంతా తిరగడం చూస్తూ అంది.

"హన్మంతూ, గాడిద కాలు బాగైంది. నీ కాలే ఇంకా కుంటుతుంది."

"ఈడ దానికేం తక్కువైంది ఆపా?"

"తోడు తక్కువైంది. మిగిలిన గాడిదలన్నీ పోయినయి, ఇది ఒక్కటే ఉంది. ఫలజ్ ఊరి దిక్కు తోటల ఒక ముసలి గాడిద ఒంటరిగా ఉందంట. గాడిదకు గాడిద తోడు కావాలె. ఎంత మంచోడివైనా నువ్వు గాడిదవు కావు."

అతనికి నవ్వు రాలేదు.

తోట నుంచి హయాత్ బాషా పికప్ తోలుకుని వచ్చాడు. రాయచోటి మనిషి, తోట పనీ బండీ రెండూ అతనివే. దిగీ దిగగానే సీటు కింద నుంచి కొత్త తాడు తీశాడు.

"నా తాడు నేనే తెచ్చుకున్యానన్నా. పలుపు మీరు ఇడవరని నాకు తెలీదా? మా అవ్వ గూడా ఇడిచేది కాదు."

ఈ దేశంలో ఆ మాట అన్న మొదటి మనిషి అతను. పశువును అమ్మినా, ఇచ్చినా, పలుపు ఇవ్వరు. పలుపు ఇంట ఉంటే పశువు మళ్ళీ వస్తుంది. పలుపు పోతే కొట్టం పాడుబడుతుంది. ఊళ్ళో పశువున్న ప్రతి ఇంటికీ తెలిసిన సంగతే.

లచ్చి బండి ఎక్కనంది. బాషా తోశాడు, బుజ్జగించాడు, తోట యజమాని, వాళ్ళ కఫీల్, పేరు చెప్పి బెదిరించాడు. హన్మంతు పైకి ఎక్కాడు. అదీ ఎక్కింది. కొత్త తాడు కట్టాక పాతది విప్పాడు. మెడ మీద వెంట్రుకలు అరిగినచోట ఒకసారి నిమిరాడు. ఈసారి అతను దిగిపోయాడు.

సాయంత్రం ఫోను చేయబుద్ధి కాలేదు. రేపటి నుంచి మళ్ళీ తిన్నవా, వాన పడ్డదా. బాలవ్వే చేసింది.

"పోయిందా లచ్చి?"

"పోయింది."

"పలుపు ఇచ్చినవా?"

"ఎట్లిస్త?"

ఆమె గొంతు సవరించుకుంది. "ఇగో, ఇను. నువ్వు మొదటిసారి పోయిననాడు నీ తెల్ల తువ్వాల కనబడకపాయె, యాదికున్నదా?"

యాదికి లేకేం. బొంబాయి విమానాశ్రయంలో సంచి అంతా కింద పోసి వెతికాడు. "బస్సుల పడిపోయింది గదా."

"పడలే. సంచిలకెల్లి నేనే తీసిన. కొట్టంల బర్రె పలుపు పక్కన ఏలాడేసిన. ఇప్పటికీ ఆడనే ఉన్నది."

హన్మంతు చేతిలోని పలుపును వేళ్ళకు చుట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో తనకు మంచం తప్ప మరో చోటు లేదనుకున్నాడు.

"నీ చేతిల ఉన్న పలుపు ఆ షెడ్డుల పెట్టకు" అంది బాలవ్వ. "ఆడ పెడితే ఇంకో గాడిదొస్తది. నువ్వు ఆడనే ఉంటవు. ఈడికి తే. కొట్టం ఉత్తగున్నది."

"కొట్టంల గాడిదను కడితే ఊరు నవ్వదా?"

"నవ్వనీ. నేను నవ్వలేదా?"

తెల్లవారి రజియా బేగం కబురు పెట్టింది. కొండదారిలో మరో గాడిద దొరికిందట, చూలుతో ఉందట, తాడు పట్టుకుని యల్లా, జల్ది రమ్మంది. తన దగ్గర తాడు లేదని, దారిలో కొత్తది కొందామని హన్మంతు చెప్పాడు.

లచ్చి పలుపును చుట్టచుట్టి, మంచం కింది సంచి తీసి, అడుగున పెట్టాడు. పైన బట్టలు ఇంకా సర్దలేదు.