కుడివైపు మచ్చ

తవిటమ్మకి దగ్గు పట్టుకుని నెల దాటింది. గోగునార దులిపినప్పుడు గొంతులోకి దుమ్ము పోయిందని అందరికీ చెబుతుంది. దగ్గు తెర వచ్చినప్పుడల్లా పశువులశాలలోకి పోయి, గోడవైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతుంది. మొగుడు అప్పలసూరి చెవిన పడుతుందేమోనని భయం. పెళ్లయిన ఇరవై ఆరేళ్లనుంచీ అంతే. పడిశం పట్టినా దొంగచాటుగానే దగ్గేది.

కారణం లేకపోలేదు. పద్దెనిమిదేళ్లప్పుడు ఆమెకి టీబీ వచ్చింది. బొబ్బిలిలో పిన్నిగారింట ఉంచి ఎనిమిది నెలలు మందులు మింగించారు. శుభ్రంగా నయమైపోయింది. అయితే సంగతి పొక్కి, కుదిరిన సంబంధం కాస్తా తప్పిపోయింది. ఆ తర్వాత అప్పలసూరి సంబంధం వచ్చినప్పుడు తల్లి చేతిలో చెయ్యి వేయించుకుంది. "సచ్చినా ఈ మాట నీ నోట రాకూడదే!" అంది. తల్లి పోయి పదేళ్లయింది. ఒట్టు మాత్రం అలాగే ఉంది.

ఓ మంగళవారం ఊరి బడి వరండాలో టీబీ పరీక్షల క్యాంపు పెట్టారు. నర్సమ్మ పద్మకుమారి ఇల్లిల్లూ తిరిగి దగ్గేవాళ్లందరినీ పోగేసింది. చేతిసంచిలో పట్టేపాటి ఎక్స్‌రే మిషను అది. తీసిన ఫొటోని పక్కనున్న కంప్యూటరే చదివేసి, అనుమానమున్న చోట రంగు వేసి చూపిస్తుందట.

"నాకేటి జబ్బు? నానెల్లను," అని తవిటమ్మ మొరాయించింది.

"ఫొటోయే కదేటే, కోసేత్తారా? నడు," అన్నాడు అప్పలసూరి. దగ్గరుండి తీసుకెళ్లాడు.

నిమిషంలో తేలిపోయింది. తెర మీద తెల్లటి పక్కటెముకలు, కుడివైపు పైన కుంకుమ ఒలికినట్టు ఎర్రటి మచ్చ. పద్మకుమారి ముఖంలో నవ్వు తగ్గింది.

"కంగారు పడకు పిన్నీ, ఇది అనుమానం మాత్రమే. కళ్లె పరీక్ష సేయిస్తాను. శుక్రవారంనాడు ఆసుపత్రికొచ్చి డాక్టరమ్మని కలువు," అంది.

తవిటమ్మకి ఆ మూడు రోజులూ ముద్ద దిగలేదు. ఎన్నడో పూడ్చిపెట్టిన సంగతిని ఆ మిషను ఒక్క చూపుకే తవ్వి బయట పెట్టేసిందనిపించింది.

శుక్రవారం డాక్టర్ అర్చన అప్పలసూరిని బయట కూర్చోమని, తవిటమ్మని ఒక్కదాన్నీ లోపలికి పిలిచింది. చిన్న వయసే గానీ నిదానం మనిషి.

"కళ్లెలో టీబీ క్రిములు లేవమ్మా. కంప్యూటరేమో ఎక్స్‌రే చూసి గట్టిగా అనుమానిస్తోంది. ఎప్పుడో నయమైన టీబీ మచ్చ మిగిలినా అది ఒక్కోసారి ఇలాగే చెబుతుంది. పాతదో కొత్తదో దానికి తెలీదు. మీరే చెప్పాలి. ఇదివరకెప్పుడైనా టీబీకి మందులు వాడారా?"

తలుపుకున్న తెర కింద అప్పలసూరి చెప్పులు కనిపిస్తున్నాయి.

"నేదమ్మా," అంది తవిటమ్మ.

"నాతో చెబితే బయటికి పోదు."

"నేదు, నేదు."

అర్చన కలం తీసింది. "అయితే నేను ఊరికే వదిలెయ్యలేను. విజయనగరంలో స్కాను తీయించాలి. దాంట్లోనూ తేలకపోతే ఊపిరితిత్తిలోకి సన్నటి గొట్టం పంపి చూస్తారు," అని చీటీ రాసిచ్చింది.

బస్సుకి ఇంకా అరగంట ఉంది. రోడ్డు పక్క టీకొట్టు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు.

"ఏటన్నాది డాక్టరమ్మ?"

"స్కానంట. గొట్టమేసి సూస్తారంట."

అప్పలసూరి టీగ్లాసు కింద పెట్టాడు. "పాత జబ్బేటైనా ఉన్నాదా అని అడగనేదా?"

"అడిగింది."

"ఏటి సెప్పినావు?"

"నేదని."

"అలగెందుకు సెప్పినావే? బొబ్బిల్లో ఎనిమిది నెల్లు మందులు మింగినావు కదా."

తవిటమ్మ బిగుసుకుపోయింది. చేతిలో టీ తొణికి చీరమీద పడిందని కూడా తెలీలేదు.

"నీకెవులు సెప్పినారు మావా?"

"మీ అన్న నరసింగరావు. తాంబూలాలకి ముందురోజు మా కళ్లంలోకొచ్చినాడు. 'మాయమ్మ దాస్తంది, నాను దాయలేను బావా. ఇష్టమైతే సేసుకో, నేదంటే ఇప్పుడే సెప్పీ' అన్నాడు. నయమైపోనాదా అనడిగినాను. పోనాదన్నాడు. మరింకేటి? సేసుకున్నాను."

"ఇరవయ్యారేళ్లు ఒక్క మాటా అన్నేదే!"

"నువ్వే సెప్తావని సూసినాను. సెప్పనేదు. నానడిగితే సిన్నబోతావని ఊరుకున్నాను." అప్పలసూరి రోడ్డుకేసి చూస్తూ అన్నాడు. "శాలలోకెల్లి దగ్గుతావు. నాను మంచం మీద తొంగుని వింతాను. లేచి మంచినీళ్లిద్దామనిపిస్తాది. నాకు తెలిసిపోనాదని బెదిరిపోతావేమోనని అలగే ఉండిపోతాను."

తవిటమ్మకి ఏడుపు ఆగలేదు. ఏటేటా గోగుకట్టలు నీళ్లలో నానేసి నార తీసే రోజుల్లో అప్పలసూరి ఆమెని నీళ్లలో దిగనిచ్చేవాడు కాదు. "నీకు నార తియ్యడం రాదు, గట్టున కూకో," అని తోడికోడళ్ల ముందు కసిరేవాడు. ఎన్నిసార్లు అలిగిందో ఆమెకే తెలుసు.

"అందుకేనా నాకు నార తియ్యడం రాదని నలుగురిలో అనీవోడివి?"

"రాదు కూడాను," అన్నాడు అప్పలసూరి.

ఏడుస్తూనే నవ్వేసింది. బస్సొచ్చి ఆగింది. ఇద్దరూ ఎక్కలేదు.

"రా, మల్లీ ఎల్దాం. నాను బయటే కూకుంతాను," అన్నాడు.

"వద్దు. నువ్వూ రా లోపలికి."

అర్చన అంతా విని, ముందెందుకు చెప్పలేదని ఒక్కమాట కూడా అనలేదు. ఏ ఊళ్లో, ఏ సంవత్సరం, ఎన్ని నెలలు అని అడిగి కంప్యూటరులో ఎక్కించింది. ఆ తర్వాత గుండెకీ వీపుకీ స్టెత్ పెట్టి శ్రద్ధగా వింది.

"పిల్లికూతలు వినిపిస్తున్నాయి. ఈ దగ్గు నార దుమ్ముకే అనుకుంటున్నాను. పీల్చే మందిస్తాను, ముక్కుకి గుడ్డ కట్టుకోకుండా పని చెయ్యొద్దు. స్కాను ఇప్పటికి ఆపుదాం. మూడు నెలలకి మళ్లీ ఎక్స్‌రే తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను. ఈలోగా జ్వరం వచ్చినా, నెత్తురు పడినా, ఒళ్లు తగ్గినా ఆగకండి, వెంటనే రండి."

పదిహేను రోజులకల్లా దగ్గు చాలామటుకు తగ్గింది. మూడు నెలలకి తీసిన ఎక్స్‌రేలోనూ కంప్యూటరు ఎర్రమచ్చ వేసింది. దానికి రాజీ లేదు. అర్చన మాత్రం రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, కొలిచి చూసి, "వెంట్రుకవాసి కూడా మారలేదు. పాత మచ్చేనమ్మా, హాయిగా ఉండండి," అంది.

ఆ క్యాంపులోనే పక్కవీధి రాణికి నిజంగా టీబీ ఉన్నట్టు తేలింది. ఇరవై ఏళ్ల పిల్ల, అప్పట్నుంచీ మందులు వాడుతోంది. ఊళ్లో ఇలాంటివి దాగవు. నాలుగు రోజులుగా మాత్రలు మింగడం లేదనీ, తలుపేసుకుని పడుకుందనీ వాళ్లమ్మ నూతి దగ్గర కళ్లొత్తుకుంది. తవిటమ్మ ఆ సాయంత్రమే బయల్దేరింది.

"ఏటి సెప్తావే ఆ పిల్లకి?" అన్నాడు అప్పలసూరి.

"ఉన్నదే సెప్తాను."

రాణి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తవిటమ్మ కిటికీ రెక్కలు బార్లా తెరిచి, మంచం పట్టె మీద కూర్చుంది.

"నాకూ వొచ్చినాదే ఈ రోగం. నీ ఈడప్పుడే," అంది.

రాణి ఇటు తిరిగింది. "నిజంగానా పెద్దమ్మా? మరి నీకు పెళ్లెలగయ్యింది?"

"మీ పెదనాన్నకి తెలిసే సేసుకున్నాడు. ఆ కబురు తరవాత సెప్తాను గానీ, ముందు లేచి మొకం కడుక్కో. మాత్రలెక్కడెట్టినావు?"