నూకరత్నం ఎంచుకున్న కత్తి

నేను ఒక మడత కత్తిని. నన్ను పగ కోసం కొన్నారు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. పళ్లు కోసుకోవడానికి, పార్సిల్ తాళ్లు తెంపడానికి కొన్న కత్తులు మీ ఇళ్లలో చాలానే ఉంటాయి. నేను ఆ జాతి కాదు.

హైదరాబాద్ శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను చేసినాయన ముప్పై ఏళ్లు లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. ఉక్కును పొడి చేసి, ఆ పొడిని మళ్లీ వేడితో, ఒత్తిడితో గట్టిపరిచిన ఖరీదైన రకం నా అలుగు. పిడి మాత్రం పాతకాలపుది. జిట్రేగి చెక్క, ఇత్తడి రివెట్లు, వీపు మీద చిన్న మీట. తెరిస్తే 'టక్'మని తాళం పడుతుంది. మీట నొక్కితే తప్ప, ఎవరెంత తోసినా మడత పడను. ఆ 'టక్' గుర్తుపెట్టుకోండి. ఈ కథంతా దాని మీదే నడుస్తుంది.

రాజమండ్రిలో ఒక ఇనప సామాన్ల కొట్లో అడుగు సొరుగులో పడి ఉండగా నూకరత్నం వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. వేళ్లకి మామిడి సొన నలుపు.

"మడత కత్తి కావాలండి. మామిడి అంట్లు కట్టడానికి."

కొట్టాయన తళతళలాడే కత్తొకటి ముందు పెట్టాడు. "ఇది పట్టుకెళ్లమ్మా. నర్సరీలోళ్లంతా ఇదే డజన్లకి డజన్లు పట్టుకెళ్తారు."

ఆమె దాన్ని పాముని చూసినట్టు చూసింది. తెరిచి, వేళ్లు పక్కకి తప్పించి పట్టుకుని, దాని వీపుని బల్ల అంచుకి ఒక్కటి తగిలించింది. అలుగు టపుక్కున మూసుకుపోయింది.

"చూశారాండి? మా అన్నయ్య వేలు తీసింది ఈ రకవే."

ఆయన అడుగు సొరుగు లాగి నన్ను తీశాడు. రత్నం నన్నూ బల్లకేసి కొట్టింది. ఒకటి, రెండు, మూడు. నేను కదల్లేదు. అలుగుని అటూ ఇటూ ఊపి చూసింది. ఊగలేదు. సంచిలోంచి తడిగుడ్డలో చుట్టిన పచ్చి మామిడి పుల్ల తీసి ఏటవాలుగా ఒక్క కోత కోసింది. ఆ కోతని గుమ్మం వెలుతురులో పెట్టి చూసింది. అద్దంలా ఉంది. కోత నలిగితే అంటు అతకదని, మామూలు ఉక్కుకి యాభై కోతలకే పదును పోతుందని ఆమెకి తెలుసు. చివరికి పుల్ల సొన నా మీద పూసి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏంటమ్మా అది?"

"మచ్చ పడుద్దేవోనని సూత్తన్నానండి."

మచ్చ పడలేదు.

"అంట్లకింత ఖరీదు కత్తెందుకమ్మా?"

"ఒక్క పనుందండి. అది ఒక్కసారే దొరుకుద్ది. అప్పుడు కత్తి మోసం చెయ్యకూడదు."

నా ఒళ్లు పులకరించింది. ఒక్క పని, ఒక్కసారి! అదేదో మెడకి సంబంధించిన పనే అనుకున్నాను. కత్తిని కదా.

అసలు సంగతి ఆమె ఇంటికి వెళ్లాక తెలిసింది. అన్న పేరు భద్రం. కడియం వైపు తాతాజీ అనే ఆయన నర్సరీలో అంట్లు కట్టేవాడు. పన్నెండేళ్ల క్రితం చెత్తకుప్ప పక్కన దానంతటదే మొలిచిన మామిడి మొక్కని పీకేయకుండా పెంచాడు. అది కాపుకొచ్చాక ఊరు ఊరంతా నోరెళ్లబెట్టింది. పసుపు ముద్దలాంటి పండు. పీచు లేదు, టెంక కాగితమంత పలచన. తాతాజీ దానికి 'తాతాజీ పసిడి' అని తన పేరు పెట్టుకుని, చుట్టూ కంచె కట్టి, కాపలా పెట్టాడు. అదే చేత్తో పనివాళ్లకి చవక కత్తులు కొనిపడేశాడు. ఆ చెట్టు పుల్ల కోస్తుండగానే కత్తి మడతపడి భద్రం కుడిచేతి చూపుడు వేలి నరం తెగింది.

"తాగొచ్చి కోసుకున్నాడు," అన్నాడు తాతాజీ ఆసుపత్రిలో. నర్సరీలన్నిటికీ అదే చెప్పాడు. భద్రం జన్మలో కల్లు ముట్టినవాడు కాడు. అయినా తాగుబోతుకి కత్తెవరిస్తారు? అతను ఇంటి దగ్గర కూర్చుని ఎడంచేత్తో ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపుకుంటున్నాడు.

నేను ఇంటికొచ్చిన రోజు భద్రం నన్ను ఎడంచేత్తో తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. "టక్కుమంటంది సూడు... దీంతో ఏం చేత్తావే అమ్మాయ్?"

"నీ చెట్టు తెత్తానన్నయ్యా. ఆడి నోటితోనే నువ్వు తాగలేదనిపిత్తాను."

రత్నం కూడా మొదట్నుంచీ తాతాజీ దగ్గరే పనిచేస్తోంది. అన్నకి అంత జరిగాక కూడా పని మానలేదని ఊరు తిట్టుకుంది. మనుషులు ఓపికని సిగ్గులేనితనం అనుకుంటారు. నా లాంటి వాళ్లకి ఆ తేడా తెలుసు. మేం మడత పడి ఉండటం నేర్చుకున్నవాళ్లం.

వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం కాపలావాడు అన్నానికి వెళ్లాడు. తాతాజీ ఆ చెట్టు కిందే పడక కుర్చీలో గురకపెడుతున్నాడు. తల వెనక్కి వాలి ఉంది. మెడ మీద చెమట. రత్నం బొడ్లోంచి నన్ను తీసి తెరిచింది. టక్. నేను సిద్ధం!

ఆమె ఆ మెడని ఒక నిమిషం చూసింది. పక్కనుంచి దాటిపోయింది. కొమ్మ చివర్లు అందుకుని, ఆకుల కాడలు మాత్రం ఉంచి, ఆకులు కోయడం మొదలుపెట్టింది. అరవై కొమ్మలు. నన్ను, ఈ ఉక్కుని, ఆకులు కోయడానికి! సిగ్గుతో చచ్చిపోయాను. కోసిన ఆకులన్నీ గోనెలో కుక్కి చెత్తకుప్పలో పోసింది. ఆయన గురక ఒక్కసారైనా ఆగలేదు.

పదో రోజుకి మిగిలిన కాడలు కూడా రాలిపోయాక గానీ తాతాజీ పైకి చూడలేదు. చూసి పెడబొబ్బలు పెట్టాడు. "బోడికొమ్మలయిపోయాయిరా! పురుగు పట్టేసిందిరా నా చెట్టుకి!"

ఆయన మామగారు పోయాక ఈ నర్సరీ చేతికొచ్చింది. అంతకుముందు సిమెంటు కొట్టు నడిపేవాడు. జన్మలో ఒక్క అంటు కట్టలేదు. కోసే ముందు పది రోజులు ఆకులు తీసి ఉంచితే మొగ్గ ఉబ్బి అంటు బాగా పట్టుతుందని కడియం పిల్లలకి కూడా తెలుసు. ఆయనకి తెలీదు. తెలీదని రత్నానికి తెలుసు.

"ఒసేయ్ రత్నం, ఆ కొమ్మలన్నీ కోసి గేటు బయట పారెయ్యి! ఒక్క పుల్ల నా తోటలో ఉండకూడదు."

ఆమె ఇద్దరు పనమ్మాయిలూ కాపలావాడూ వినేలా అడిగింది. "అన్నీనా అండి?"

"అన్నీనే!"

"తరవాత నన్నేం అనకండి మరి."

"అనను పోవే!"

రోజూ ఆడవాళ్ల చీర కొంగులు కూడా దులిపించే గేటుని ఆరోజు తాతాజీయే తెరిపించాడు. ఆలస్యం చేశాడని కాపలావాణ్ణి తిట్టాడు కూడా. అరవై పుల్లలు తడి గోనెలో దర్జాగా బయటికి నడిచాయి. అప్పుడు తెలిసింది నాకు, ఆ ఒక్క పని ఏమిటో.

భద్రం సంచుల్లో పెంచిన మామిడి మొక్కలకి ఆ రోజే అంట్లు కట్టారు. ఆమె కోస్తుంటే భద్రం పక్కన కూర్చుని "ఇంకొంచెం వాలు... ఆఁ, అదీ" అంటూ, ప్లాస్టిక్ పట్టీ ఒక చివర పళ్లతో కరిచి, ఎడంచేత్తో చుట్టాడు. అరవై కోతలకీ నా పదును చెక్కుచెదరలేదు. యాభై రెండు పట్టాయి. వాటిని చిన్నచిన్న నర్సరీలకీ రైతులకీ ఊరికే పంచారు. ఒక్కటే షరతు. పేరు 'భద్రం' అని ఉండాలి.

నాలుగో వేసవిలో రాజమండ్రిలో మామిడిపళ్ల ప్రదర్శన. నడిమి బల్ల మీద తాతాజీ పసిడి. దాని ఎదురుగా పదకొండు పళ్లేలు. అదే పసుపు, అదే వాసన. చీటీల మీద 'భద్రం మామిడి'.

"దొంగతనం! ఇయ్యి నా చెట్టు పుల్లలు!" తాతాజీ రంకెలేశాడు.

"కంచె, కాపలా ఉండగా ఎలా బయటికొచ్చాయయ్యా?" అన్నాడు న్యాయనిర్ణేతల్లో పెద్దాయన.

రత్నం ముందుకొచ్చింది. "ఆయ్, ఆయనే పంపారండి. పురుగు పట్టింది, పారెయ్యమన్నారు. వీళ్లంతా విన్నారు." కాపలావాడు తల ఊపాడు. పనమ్మాయిలు అవునన్నారు.

"పురుగా? ఏవైందేంటి చెట్టుకి?" అన్నాడు పెద్దాయన.

"ఆకు తీసి, కాడ ఉంచానండి. పది రోజులు."

రెండు వందల మంది నర్సరీవాళ్లు ఒక్కసారిగా పగలబడి నవ్వారు. "అంటుపుల్లకి పురుగన్నాడ్రోయ్!" అని ఎవరో వెనకాల కేకేశారు. తాతాజీ మొహం కందగడ్డయింది.

అప్పుడు రత్నం నన్ను తెరిచింది. టక్. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. నా ఇన్నేళ్ల ఆకలికి ఆ రెండడుగులూ చాలు. ఆమె పండు కోసి, ముక్కని నా మొనకి గుచ్చి ఆయన నోటి ముందు పెట్టింది.

"తినండి. మా అన్నయ్య తాగి పెంచిన చెట్టు పండు."

పెద్దాయన తాతాజీ వైపు తిరిగాడు. "పనమ్మాయి ఆకు తీస్తే నీకు పురుగులా కనపడింది. మరి భద్రం తాగాడన్నది కూడా నీ కళ్లకి కనపడిందేనా?"

"...తాగలేదు."

"ఇనపళ్లేదండి," అంది రత్నం.

"తాగలేదు! కత్తి మడతడిపోయింది! సరేనా?"

తలుపు దగ్గర నిలబడ్డ భద్రం కుడిచేతిని నలుగురిలో మొదటిసారి జేబులోంచి బయటికి తీశాడు.

ఇప్పుడు నేను ఆ మనిషి చొక్కా జేబులో ఉంటాను. పెద్ద నర్సరీలో కొత్తవాళ్లకి అంట్లు కట్టడం నేర్పిస్తున్నాడు. మొదటి పాఠం నాదే. బల్లకేసి మూడుసార్లు కొట్టి చూపిస్తాడు. నూరి నూరి నా అలుగు సన్నబడింది. నెత్తురు రుచి మాత్రం ఇప్పటికీ తెలీదు.

నేను కోరుకున్న మెడ క్షేమంగానే ఉంది. ప్రతి వేసవిలో పళ్ల బండివాడు ఎండ ఎక్కకముందే తాతాజీ గుమ్మం ముందు ఆగి, "భద్రాలండీ! తియ్యటి భద్రాలూ!" అని అరిచి మరీ వెళ్తాడు. ఆ వీధిలో ఒక్క కాయ కూడా అమ్ముడుపోదు. అయినా బండి ముందు అటే తిప్పమని వాడికి చెప్పింది మా రత్నమే.