మూడో తూటా

"రెండూ తెచ్చి బల్లమీద పెట్టు పెదనాన్నా. చేత్తో ఎత్తి చూస్తేగాని తెలీదు," అంది మార్ఫా.

"రెండెందుకు? పెద్దది తెస్తే చాలు," అంది ఫెవ్రోనియా, పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరక్కుండానే.

ఇన్నొకెంటి లేచి, ఎవరి మాట వినాలో తెలియక ఒక్క క్షణం అక్కడే ఆగి, పడకగదిలోకి వెళ్లాడు. తుపాకుల పెట్టె తెరిచాడు. పెద్ద రివాల్వర్ ముప్పై ఏళ్లుగా ఆయన చేతికి తెలిసిన బరువు. చిన్నదాన్ని రెండేళ్ల క్రితం ఒక గోధుమరంగు కాగితపు సంచిలోంచి తీసి, తుడిచి, నూనె రాసి, గుడ్డలో చుట్టి ఇక్కడ పెట్టాడు. తర్వాత ముట్టుకోలేదు. ఇప్పుడు గుడ్డతో సహా తీసుకున్నాడు.

మార్ఫా ఫెవ్రోనియా చెల్లెలి కూతురు. ఇరవై రెండేళ్లు. సోమవారం నీటివిమానం ఎక్కి అవతలి అఖాతానికి వెళుతోంది. అక్కడ ఏటికి అడ్డంగా దడి కట్టి ఉంటుంది. సముద్రంలోంచి ఎదురెక్కి వచ్చే సాల్మన్ చేపలు ఆ దడిలో వదిలిన ఒక్క సందులోంచే పోవాలి. వేసవంతా ఆ సందు పక్కన కూచుని, పోయిన ప్రతి చేపనీ లెక్కపెట్టడమే పని. రోజుకు రెండుసార్లు నడుంలోతు నీళ్లలోకి దిగి, దడికి అడ్డంపడ్డ కొమ్మలూ చచ్చిన చేపలూ తీసెయ్యాలి. చేపలున్న చోటికి ఎలుగుబంట్లు వస్తాయి. కొడియాక్ దీవిలో పుట్టినవాళ్లు దాని గురించి పెద్దగా మాట్లాడరు. తుపాకి కట్టుకుని పనికి పోతారు, అంతే.

రెండేళ్ల క్రితం ఆ పనికి వెళ్లింది వీళ్ల ఒక్కగానొక్క కూతురు అనీసియా.

బల్లమీద రెండూ పక్కపక్కన పెట్టాడు. మార్ఫా పెద్దదాన్ని రెండు చేతులతో ఎత్తింది.

"అబ్బో! ఇది తుపాకా, పడవ లంగరా? దీన్ని మెళ్లో వేసుకుని ఏట్లో దిగితే నేను అడుగున కూచుంటా, చేపలే పైనుంచి వచ్చి నన్ను లెక్కపెట్టుకుంటాయి."

"నవ్వకు," అంది ఫెవ్రోనియా. చేతులనిండా పిండితో ఇటు తిరిగింది. "అనీసియా కూడా ఇదే కుర్చీలో కూచుని ఇట్లాగే నవ్వింది. నేనూ నవ్వాను."

మార్ఫా తుపాకి మెల్లగా కింద పెట్టింది.

ఆనాటి సంగతి ముగ్గురికీ తెలిసిందే. ఆ రోజు అనీసియా పళ్లు తూచే కాటా తెచ్చి రెంటినీ తూచింది. చిన్నది పెద్దదాంట్లో సగం కూడా లేదు. పెద్దది గురి తప్పదు, చేతిలో కుదురుగా ఉంటుంది. చిన్నది పేలితే మణికట్టు అదిరిపోతుంది. ఏది తీసుకోవాలో తేల్చింది ఫెవ్రోనియానే. "ఏట్లోకి దిగేటప్పుడు ఆ బరువు ఎవరు మోస్తారే? గట్టుమీద గుంజకి తగిలించి దిగుతారు. ఎలుగు వచ్చి ముందు గుంజనడుగుతుందా? ఒంటిమీద ఉండేది తీసుకో," అంది. మంచి మాట అనుకున్నాడు ఇన్నొకెంటి. ఇప్పటికీ అనుకుంటున్నాడు. ఆ సంగతే ఈ రెండేళ్లుగా భార్యకు చెప్పలేకపోయాడు.

"ఇంక దీంట్లో ఆలోచించడానికేం లేదు," అంది ఫెవ్రోనియా. "నేను ఒకసారి నోరు తెరిచి ఒక పిల్లని చంపుకున్నాను. ఆ పటం ముందు చెప్పు, పెద్దదే తీసుకెళ్తానని."

మూలన దీపం కింద దేవమాత పటం ఉంది. మార్ఫా పటం వైపు చూసి, పెదనాన్న వైపు చూసింది. ఆయన బల్లమీది గీతలు చూస్తున్నాడు.

"సరే పెద్దమ్మా. పెద్దదే."

ఫెవ్రోనియా ఊపిరి వదిలింది. పిరోక్‌ను పొయ్యి అరలోకి తోసింది. చేపా అన్నమూ పెట్టి చేసే ఆ రొట్టె అనీసియాకి ఇష్టం, మార్ఫాకీ ఇష్టం. "దీంట్లోకి పళ్లపాకం కావాలి. కింద ఉంది, తెస్తా," అని చేతులు దులుపుకుని నేలమాళిగలోకి దిగింది.

మెట్లమీద అడుగుల చప్పుడు ఆగగానే మార్ఫా ముందుకు వంగింది.

"పెదనాన్నా, నువ్వేం అనకు. పెద్దమ్మ మనసుకోసం తీసుకెళ్తా. అంతసేపు నీళ్లలో అది ఎవరు మోస్తారు చెప్పు? గుంజకి తగిలించి దిగుతా. ఎవరొచ్చి చూస్తారు?" అని కన్నుగీటింది. "తూటాలు మాత్రం నువ్వే చెయ్యాలి. మా నాన్న ఏమంటాడో తెలుసా? కొట్లో తూటా అరుస్తుందిట, ఇన్నొకెంటి తూటా మాట్లాడుతుందిట."

ఇన్నొకెంటి ముఖంలో ఏ మార్పూ కనబడలేదు. ముఖాన్ని అలా ఉంచుకోవడం రెండేళ్లలో ఆయనకు బాగా అలవాటైంది.

ఈ అఖాతంలో సగంమంది ఆయన చేసిన తూటాలే వాడేవారు. పేలిన ఖాళీ గొట్టాల్లో మందు కొలిచి పోసి, సీసపు గుండు కూర్చి, గొట్టం మూతి గుండు చుట్టూ బిగించడం. చేపలు లేని చలికాలం అంతా కొట్టాంలో అదే పని. బదులుగా ఎండుచేపలు ఇచ్చేవారు, ఆవిరిస్నానం చేసే బాన్యాకి కట్టెలు కొట్టి పెట్టేవారు. రెండు తుపాకులకీ తూటా ఒకటే, కాని ఆ మూతి బిగింపు ఆయన తన పెద్ద రివాల్వర్‌కి సరిపడేలా ఎప్పుడో కుదిర్చాడు. అది బరువైన తుపాకి. పేలినా పెద్దగా ఎగరదు. తేలికైన తుపాకి అలా కాదు. పేలిన ప్రతిసారీ చేతిలో వెనక్కి ఎగిరిపడుతుంది. పడవ ఒక్కసారిగా వెనక్కి గుంజితే పట్టు లేనివాడు ముందుకు తూలినట్టు, మిగిలిన తూటాల్లో గుండ్లు గొట్టాల్లోంచి ముందుకు జారతాయి. మూతి గట్టిగా బిగించకపోతే ఒక గుండు తూటాలుండే చక్రం దాటి బయటికి పొడుచుకొస్తుంది. ఇక చక్రం తిరగదు.

ఆయనకు ఇదంతా తెలుసు. తూటాలకి వచ్చినవాళ్లకు చెప్పాడు కూడా. అనీసియా కోసం చేసిన తూటాల్లో ఒకటి చిన్నదాంట్లో పెట్టి పెరట్లో పేల్చాడు. బాగా పేలింది. మణికట్టు నొప్పి పుట్టింది. చాల్లే అనుకున్నాడు. ఇంకొకటి పేల్చి, మూడోదాన్ని తీసి కొలిచి ఉంటే తెలిసేది. ఒక్కటే పేల్చాడు.

ఎలుగు దాడి జరిగిన చోటినుంచి పోలీసులు ఆ కాగితపు సంచితో పాటు ఒక చిన్న పొట్లం కూడా తెచ్చి ఇచ్చారు. రెండు ఖాళీ గొట్టాలు, పేలని మూడు తూటాలు. రెండు పేల్చింది, మూడు మిగిలాయి అని కాగితం మీద రాసి ఉంది. అఖాతమంతా అదే చెప్పుకుంది. పాపం, భయంతో చేతులు పడిపోయి ఉంటాయి, ఎంతైనా చిన్నపిల్ల. కొట్లో అన్నారు. బాన్యాలో ఆవిరి మధ్య అన్నారు. ఆయన తల ఊపాడు. కాని పొట్లం విప్పిన రోజే కొట్టాంలో ఒంటరిగా నిలబడి చూశాడు. మూడింటిలో ఒకదాని గుండు గోరుమందం బయటికి వచ్చి ఉంది. చేసిన చేతికి తప్ప ఇంకెవరి కంటికీ ఆనని తేడా.

కూతురు పోయిన నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక చెబుదామనుకున్నాడు. తర్వాత ఏడాది తిరిగాక అనుకున్నాడు. ఆ తర్వాత, చెప్పకపోవడమే ఆమెకు మేలు, తట్టుకోలేదు, అనుకున్నాడు. అది అబద్ధమని తెలుసు. తట్టుకోలేనిది ఆమె కాదు. చెప్పిన మరుక్షణం ఆమె తనవైపు చూసే చూపును తనే తట్టుకోలేడు. అంతకంటే లోపల ఇంకొకటి ఉంది. ప్రతి శనివారం కొండమీద సమాధి దగ్గర ఆమె మోకాళ్లమీద పడి, "నా మాట వినకుండా ఉండాల్సింది తల్లీ, నన్ను క్షమించు," అని ఏడుస్తుంటే, పక్కన కొవ్వొత్తికి గాలి తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డ ఆయన ఛాతీలో ఏదో కొంచెం తేలికయ్యేది. తన బరువును ఇంకొకరు ఎత్తుకున్నట్టు. ఆ తేలికకు తనను తాను ఏమని పిలుచుకోవాలో రెండేళ్లుగా వెతుకుతున్నాడు. ఏ పేరూ దొరకలేదు.

"గుంజకి తగిలిస్తా," అంటోంది మార్ఫా, తుపాకి తోలుపట్టీని వేలితో ఊపుతూ.

ఫెవ్రోనియా ఆనాడు భయపడిందే ఇప్పుడు ఈ పిల్ల నోట నవ్వుతూ వస్తోంది. ఫెవ్రోనియానే ఆ గుంజ దగ్గరికి ఈ పిల్లను పంపుతోంది. ఎందుకంటే తాను నోరు మూసుకున్నాడు.

"కూచో, వస్తా," అన్నాడు.

కొట్టాంలో తూటాలు చేసే యంత్రం మీద రెండేళ్ల దుమ్ముతో దుప్పటి కప్పి ఉంది. దాని వెనక ముక్కుపొడి డబ్బా. డబ్బా తీసుకుని తిరిగి వచ్చేసరికి ఫెవ్రోనియా బల్ల దగ్గర నిలబడి ఉంది, చేతిలో ఎర్రటి పళ్లపాకం సీసా.

"ఎక్కడికెళ్లావు? రొట్టె మాడితే చూసేదెవరు?"

ఆయన జేబులోంచి మామూలు తూటా ఒకటి తీసి బల్లమీద నిలబెట్టాడు. డబ్బాలోంచి ఇంకొకటి తీసి దాని పక్కన నిలబెట్టాడు. రెండోది కొద్దిగా పొడుగ్గా ఉంది.

"మార్ఫా, నువ్వు చిన్నది తీసుకెళ్లు," అన్నాడు.

"ఏమన్నావు?" అంది ఫెవ్రోనియా.

"చిన్నదే తీసుకెళ్లాలి. నువ్వు అప్పుడు చెప్పింది సరైన మాట. అది ఒంటిమీదే ఉంది. నీళ్లలో ఉన్నా చేతికి అందింది. రెండు పేల్చింది."

"ఆపు."

"మూడోది కూడా నొక్కింది, ఫెవ్రోనియా. భయపడి ఆగిపోలేదు. చక్రం తిరగలేదు. ఇదిగో, ఇది అడ్డం పడింది. ఇది దాని మూడో తూటా. నేను చేసింది. మూతి సరిగ్గా బిగించలేదు. ఒక్కటే పేల్చి చూసి, మణికట్టు నొప్పి పుడితే చాల్లే అనుకున్నాను."

ఎంతో కాలంగా లోపల తిప్పుకున్న మాటలు. బయటికి వచ్చాక ఇంతేనా అనిపించేంత తక్కువ ఉన్నాయి.

ఫెవ్రోనియా సీసా కింద పెట్టింది. చేతులు లంగాకి తుడుచుకుంది, ఒకసారి, మళ్లీ ఒకసారి. రెండు తూటాల కొసలమీద చూపుడువేలు అడ్డంగా పెట్టింది. వేలు ఒకవైపు వంగింది. వంగిన ఆ వేలును చాలాసేపు చూసింది.

"ఎప్పట్నించి తెలుసు?"

"సంచి ఇచ్చిన రోజు నుంచి."

"నలభయ్యో రోజు గుళ్లో నేను నేలమీద పడి ఏడిస్తే, అప్పుడు?"

"తెలుసు."

"వీధిలో వాళ్లంతా నా బిడ్డని పిరికిదంటుంటే?"

"తెలుసు."

"కొవ్వొత్తికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డావు," అంది ఆమె.

మార్ఫా కుర్చీలోంచి సగం లేచింది. "పెద్దమ్మా..."

"నువ్వు చిన్నది తీసుకో," అంది ఫెవ్రోనియా ఆమెతో. గొంతు మామూలుగానే ఉంది, కొట్లో సరుకులు చెప్పినట్టు. "తూటాలు కొట్లో కొనుక్కో. వెళ్లేలోపు ఒక పెట్టె పేల్చి చూసుకో, చెయ్యి విరిగినా సరే. నాలుగు పేల్చాక ఐదోదాన్ని తీసి కొలిచి చూడు. నీళ్లలోకి దిగినా, పడుకున్నా నడుం నుంచి విప్పకు. వింటున్నావా?"

"వింటున్నా."

ఫెవ్రోనియా పొడుగు తూటాను తీసుకుని జేబులో వేసుకుంది. తలకు రుమాలు కట్టుకుంది. ఇవాళ శనివారం కాదు. అయినా ఎక్కడికో ఆయనకు తెలుసు. కోటు అందుకోబోయాడు.

"నువ్వు రాకు," అంది.

తలుపు మూసుకుంది. గట్టిగా కూడా వెయ్యలేదు.

రొట్టె మాడిన వాసన వస్తే మార్ఫా లేచి తీసి కిటికీ పక్కన పెట్టింది. చిన్న తుపాకిని గుడ్డలో చుట్టుకుని, పెదనాన్న భుజం ముట్టుకోవాలా వద్దా అని చెయ్యి ఎత్తి, ముట్టుకోకుండానే వెళ్లిపోయింది.

ఇన్నొకెంటి కిటికీ దగ్గర నిలబడ్డాడు. అక్కడి నుంచి కొండమీద గుడి నీలం గోపురం, దాని కింద తెల్ల శిలువలు కనిపిస్తాయి. ఆమె ఎక్కడా ఆగకుండా ఎక్కింది. సమాధి దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆయన ఎదురుచూశాడు, ఇప్పుడు మోకాళ్లమీద కూలుతుందని. కూలలేదు. జేబులోంచి చెయ్యి తీసి, అరచెయ్యి తెరిచి, ముందుకు చాచి పట్టుకుంది, చిన్నపిల్లకు ఏదో చూపిస్తున్నట్టు. రుమాలు గాలికి ఎగురుతోంది. ఆమె మాట్లాడుతోందని అర్థమైంది.

ఆ నడుం నిటారుగా ఉండటం ఆయన రెండేళ్లలో మొదటిసారి చూశాడు. అది వంగి ఉండేదని కూడా ఇవాళే తెలిసింది. శనివారం శనివారం ఆమె కూతురితో చెప్పుకున్న ప్రతి మాటా పక్కన నిలబడి విన్నాడు. ఇవాళ చెబుతున్నది మాత్రం ఆయనకు వినబడదు. ఇక ఎప్పటికీ వినబడదు.

కిటికీ పక్కన రొట్టె చల్లారిపోతోంది. ఆయన పెద్ద రివాల్వర్ తీసి పెట్టెలో పెట్టి తాళం వేశాడు. తిరిగి వచ్చి చూస్తే ఆమె ఇంకా నిలబడే ఉంది.