చెంగమ్మ పెట్టని గింజ

చెంగమ్మ చచ్చిపోయిన మనిషని వకుళకు బాగా తెలుసు. తెలిసినా, ఆ అత్త వసారాలో చింతపండు కుప్ప ముందర కాళ్ళు బారజాపుకుని, ఇనప కడ్డీతో టకటకా కొడుతూ గింజలు తీస్తూ, "వచ్చినావా, రా, కూర్చో, ఊరికే నిలబడితే పని అయిపోతాదా?" అని గదమాయిస్తుంటే కోడలన్నది ఏం చేస్తుంది, కొంగు దోపుకుని కూర్చుంటుంది. కల అయితే మాత్రం, అత్త అత్త కాకుండా పోతుందా! వసారా ఒక్కటే వాళ్ళ వసారాలా లేదు. ఒక పక్కన సున్నం పెచ్చులూడిన వాళ్ళ గోడే ఉంది గానీ, రెండో పక్క గోడ ఉండాల్సిన చోట పుంగనూరు బస్టాండు ఎదుటి అద్దె పుస్తకాల షాపు ఉంది, దాని వెనకాల ఏదో ఊరి వీధి మంచు పట్టినట్టు మసగ్గా సాగి, ఎటో వంకర తిరిగిపోతోంది.

"అది ఏ ఊరత్తా?"

"గవ్వలపల్లె మే. ఇన్ని పుస్తకాలు విని కూడా గుర్తుపట్టలేదంటే నీకేం చెప్పేది!"

గవ్వలపల్లె ఈ భూమ్మీద ఎక్కడా లేదు, అద్దె నవలల్లోనే ఉంది. పరంధామయ్య అని ఒక రిటైరయిన పోస్టుమాస్టరు చేతిలో నశ్యం డబ్బాతో ఆ ఊరంతా తిరుగుతుంటాడు, ప్రతి పుస్తకంలోనూ ఒక ప్రాణం పోతుంది, చివరి అధ్యాయంలో ఆయన ఊరివాళ్ళందరినీ సత్రం అరుగు మీద కూర్చోబెట్టి, ఒక పట్టు గట్టిగా పీల్చి, తుమ్మి, చేసినవాణ్ణి వేలెత్తి చూపిస్తాడు. అంత చిన్న ఊళ్ళో అన్ని హత్యలు జరిగితే పరంధామయ్యకు కబుర్లు చెప్పడానికి జనం ఎలా మిగిలారో అడిగిన పాపాన ఎవరూ పోలేదు. చెంగమ్మకు ఆ పుస్తకాలంటే పిచ్చి.

ఏటా చింతపండు కొట్టే రోజుల్లో ఇంటిల్లిపాదికీ చేతులు జిగురే కాబట్టి, చిన్నకోడలు హేమలతకు పని మినహాయించి పుస్తకం చేతికిచ్చేవాళ్ళు, ఆ పిల్ల గొంతు గంటలా ఉండేది, హంతకుడు వస్తే హంతకుడిలా, పూజారి వస్తే పూజారిలా చదివేది. చివరి అధ్యాయం ముందు ఆపాలి. అది ఆ ఇంటి ఆచారం. నేల మీద బొగ్గుతో సున్నాలు గీసి, సున్నాకొక పేరు చెప్పి, చెంగమ్మ, వకుళ, కూలికి వచ్చే కుప్పమ్మ తలా ఒక చింతగింజ పిడికిట్లో పట్టుకుని, అందరూ ఒకేసారి, తాము అనుమానించిన పేరు మీద పెట్టాలి. అందరి గింజలూ పడ్డాకే హేమలత మిగతా కథ చదివేది. అద్దె పుస్తకం కదా, ఒక్కోసారి ఆఖరి పేజీ ఎవడో చించుకుపోయి ఉండేవాడు. అప్పుడు చూడాలి చెంగమ్మ తిట్లు!

ఇప్పుడు కలలో ఆ చెంగమ్మ కాళ్ళు ముడుచుకుని లేస్తుంది. వాళ్ళిద్దరూ నడుస్తున్నారో, వీధే వాళ్ళ కిందికి జరుగుతోందో తెలియదు గానీ, చింతపండు కుప్ప కూడా వాళ్ళతోపాటే వస్తోంది, చెంగమ్మ నడుస్తూనే గింజలు తీస్తోంది, తీసినది తీసినట్టు చంకలోని జాడీలో వేసి, ఉప్పు చల్లి, పిడికిలితో అదుముతోంది. జాడీ అదిమే పని ఆమె బతికున్నన్నాళ్ళూ ఎవరికీ ఇవ్వలేదు, పోయాక కూడా ఇచ్చేటట్టు లేదు. మొదటి ఇంటి అరుగు మీద ఇద్దరు ముసలాళ్ళు పులిజూదం ఆడుతున్నారు, ఒకాయన మెడ చుట్టూ తాడు గుర్తు ఎర్రగా కనిపిస్తోంది.

"ఆ తాడు గుర్తు ఆయన మునసబు కదత్తా? ఈయనే కదా ఆయన్ను చంపింది, సొంత బామ్మర్ది?"

"ఆ, ఈయనే. కథ అయిపోయినాక ఇంకేం పగ? పొద్దస్తమానం ఇదే ఆట. నిన్న బామ్మర్ది ఓడిపోయినాడు."

మునసబు వాళ్ళను చూసి తలూపి, "కాఫీ తాగి పోండమ్మా" అంటాడు. "మాకు పని ఉండాది" అని చెంగమ్మ అంటుంది, మణికట్టు వెనకతో ముక్కును పైకి ఒకసారి రుద్దుకుంటుంది. చేతులు జిగురైతే ఆమెకది అలవాటు.

"ఇంత మంది చచ్చిన ఊరు నీకెందుకత్తా ఇంత ఇష్టం?" అని వకుళ అడుగుతుంది. అడగాల్సింది అది కాదు.

"టౌను కథల్లో ఏముండాది మే? కారేసుకుని ఎవడో వస్తాడు, ఎవర్నో కాల్చి పోతాడు. వాడు దొరికితే మనకేంది, దొరక్కపోతే మనకేంది! పల్లె కథ అట్ల కాదు. నిన్న మజ్జిగకు వచ్చినామె, పొద్దున బిడ్డకు దిష్టి తీసినామె, పెండ్లిలో పక్క ఆకు ముందర కూర్చుని వడలు అడిగినాయన, వాళ్ళల్లోనే ఒకరు. తెలిసిన మొగమే తెలీకుండా పోతాది. అందుకే గుండె దడ."

"నాకు అదేం కాదు. నాకు ఆఖరి పేజీ ఇష్టం. ఒకడు దొరికినాడంటే తక్కిన ఊరంతా గండం నుంచి బయటపడినట్టే. పాలామె, పూజారి, రైసుమిల్లు గుమస్తా, అంతవరకూ మనం తిట్టుకున్నోళ్ళంతా ఆ పొద్దు నుంచీ తలెత్తుకుని తిరగొచ్చు." అంతదాకా వచ్చాక వకుళ ఆగలేకపోతుంది. "మన ఇంట్లో ఆ పేజీ చదవకనే పోయినావే అత్తా!"

వీధి ఆగిపోతుంది, లేదా మళ్ళీ వసారానే అయిపోతుంది.

సంగతేమిటంటే, ఒక ఏడు చింతపండు రోజుల్లోనే చెంగమ్మ రవ్వల ముక్కుపుడక పోయింది. పుట్టింటివాళ్ళు పెట్టినది. పనికి కూర్చునే ముందు దాన్ని తీసి అద్దం పక్క గూట్లో పెట్టడం ఆమె అలవాటు, ఆ రోజూ పెట్టాననే చెప్పింది, సాయంత్రం చూస్తే గూడు ఖాళీ. ఇంట్లో ఉన్నది ఇద్దరు కోడళ్ళు, కుప్పమ్మ. గవ్వలపల్లెలో చీమ చిటుక్కుమన్నా "వీడే దొంగ" అని కేక వేసే చెంగమ్మ, తన ముక్కుపుడక పోతే మాత్రం ఒక్క పేరు ఎత్తలేదు. ఆ మౌనమే కొంప ముంచింది. కుప్పమ్మ మరుసటి రోజు నుంచి రాలేదు. హేమలత మూతి బిగించుకుని తిరిగి తిరిగి, చివరికి మొగుణ్ణి తీసుకుని మదనపల్లెకు వేరుకాపురం పోయింది. వకుళ మిగిలింది, అత్తకు ఒళ్ళు తుడిచి, గంజి పోసి, చివరిదాకా చాకిరీ చేసింది, చేస్తూ చేస్తూ ఒకటే కుమిలింది, ఈమె నన్నే అనుకుంటోంది, నేను లేకపోతే గంజి పోసేవాళ్ళుండరనే నోరు మూసుకుని ఉంది, అని. అడుగుదామనుకునే లోపలే చెంగమ్మ కన్ను మూసింది.

"సున్నాలు గియ్యి అత్తా, ఈరోజు తేలాల్సిందే" అంటుంది వకుళ. తన గొంతు ఇంత గట్టిగా ఉంటుందని ఆమెకే తెలియదు.

బొగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో, మూడు సున్నాలు నేల మీద ఉన్నాయి. వకుళ, హేమలత, కుప్పమ్మ. వకుళ పిడికిట్లో గింజ ఉంది. చెంగమ్మ పిడికిలీ మూసే ఉంది. పులిజూదం ఆపి మునసబు, ఆయన బామ్మర్ది కూడా వచ్చి గడపలో కూర్చుంటారు, పెండ్లికి వచ్చినట్టు.

"ముందు నువ్వు పెట్టు" అంటుంది చెంగమ్మ.

"ఇద్దరమూ ఒకేసారి పెట్టాల, నువ్వు పెట్టిన రూలే కదా!"

ఇద్దరూ చేతులు చాపుతారు. వకుళ చెయ్యి హేమలత సున్నా మీదికి పోతుంది, అక్కడ ఆగుతుంది. ఇన్నేళ్ళూ మనసులో అక్కడే పెడుతూ వచ్చింది కదా, ఇప్పుడు వేళ్ళు విప్పుకోవు. కుప్పమ్మ మీదికి జరుపుతుంది. అక్కడా పడదు. చింతపండు జిగురుకు గింజ అరచేతికి అతుక్కుపోయింది. ఎదురుగా చెంగమ్మ చెయ్యి తెరుస్తుంది. ఖాళీగా ఉంది.

"నీ గింజ యాడ?"

"నేను తీసుకోనే లేదు కదా మే. పుస్తకంలో వాళ్ళు కాగితం మనుషులు, ఎవరి మీద పెట్టినా వాళ్ళకు నొప్పి లేదు. ఇంట్లో మనిషి మీద పెడితే ఆ గింజ మొలుస్తాది. అందుకే నోరు మూసుకున్నా. నగ పోతే పోయింది, కోడలు పోకూడదని."

అది విని వకుళకు ఊరట కలగాలి. కలగదు, ఒళ్ళు మండుతుంది. "కోడలు పోలేదా? హేమ పోయింది. కుప్పమ్మ వీధిలో ఎదురైతే మొగం తిప్పుకుంటాది. నేను ఉండి కూడా పోయినట్టే ఉన్నా. నువ్వు ఎవరి మీదా పెట్టకపోతే ముగ్గురి మీదా పెట్టినట్టే కదత్తా! ఆఖరి పేజీ చించిన పుస్తకంలో అందరూ హంతకులే, అది నువ్వే అనేదానివి!"

గడపలోంచి మునసబు, "ఆ పిల్ల చెప్పింది నిజమే చెంగమ్మా" అంటాడు.

చెంగమ్మ ముఖం చిన్నబోతుంది. ఓడిపోయినా ఒప్పుకోని మనిషి, బతికుండగా ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. "అవును. నాకు ఆ సంగతి తట్టలేదు" అంటుంది నెమ్మదిగా. "నిన్ను అనుకోలేదు మే. ఒట్టు. హేమనూ అనుకోలేదు. గూట్లో పెట్టినా, అంతే నాకు తెలుసు, గూట్లోనే పెట్టినా." అంటూ ఆమె మణికట్టు వెనకతో ముక్కు రుద్దుకుంటుంది, ముక్కు మీద రవ్వల పుడక తళుక్కుమంటుంది, చెంగమ్మ మళ్ళీ చింతపండు తీసి జాడీలో అదుముతూ, "గూట్లోనే, గూట్లోనే" అంటూ ఉంటుంది. వకుళకు అందులో వింతేమీ కనబడదు. ఆమె ఏడుస్తోంది. అత్త చెయ్యి పట్టుకోబోతే చెయ్యి చల్లగా, ఉప్పగా, మెత్తటి చింతపండు ముద్దలా అయిపోతుంది, మునసబు ఎవరినో "కాఫీ, కాఫీ" అని పిలుస్తున్నాడు, ఆ పిలుపు సన్నగిల్లి సన్నగిల్లి వీధిలో పోయే ఐస్‌బండి హారను అవుతుంది.

వకుళ కళ్ళు తెరుస్తుంది. ఎండ వసారాలో సగం దాకా వచ్చింది. స్తంభానికి ఆనుకుని కూర్చున్న చోటే కునుకు పట్టేసింది, ఒళ్ళో సగం తీసిన చింతపండు అలాగే ఉంది. ముక్కు మీద ఈగ వాలినట్టు చిమచిమమంటుంది. వేళ్ళతో తడుముకుంటే ముక్కంతా చింతపండు గుజ్జు, నిద్రలో మణికట్టుతో ఎప్పుడు రుద్దుకుందో ఏమో. ఆ గుజ్జులో తన ముక్కుపుడక, లోపలి మర ఊడిపోయి, సగం బయటికి వచ్చి వేలాడుతోంది. ఇంకొక్కసారి రుద్దుకుని ఉంటే ఒళ్ళోని చింతపండులో పడి పోయేది.

దాన్ని తీసి, కొంగుతో గుజ్జు తుడిచి, ఆమె అరచేతిలో పెట్టుకుంటుంది. గూట్లో పెట్టినా, గూట్లో పెట్టినా! ఏటా పెట్టే మనిషి, ఆ ఏడు మాత్రం పెట్టకుండానే పనికి కూర్చుని, పెట్టాననే అనుకుంది. వస్తువు పోయినామె నోటి మాట కదా అని దాన్ని ఎవరూ అనుమానించలేదు, ఇన్ని పుస్తకాలు విన్న ఇంట్లో ఒక్కరికీ ఆ బుద్ధి పుట్టలేదు. గూడు వెతికారు, ట్రంకుపెట్టెలు వెతికారు, కుప్పమ్మ కొంగు ముడి విప్పించారు. చింతపండు జోలికి ఎవరూ పోలేదు. ఆ ఏటి చింతపండు చెంగమ్మ అదిమిన జాడీలోనే ఉంది, అటక మీద, పాతబడితే మందుకు పనికొస్తుందని ఎప్పుడైనా పైపైన ఒక గిల్లు తీసుకోవడం తప్ప ఎవరూ అడుగుదాకా పోలేదు.

వకుళ నిచ్చెన వేసుకుని జాడీ దించుతుంది. నల్లబడిన గుడ్డ, దాని మీద పురికొస ముడి. చెయ్యి ముడి దాకా పోతుంది. ఏమనుకుందో, చెయ్యి కడుక్కుని ఫోను తీస్తుంది. ఆ నంబరు నొక్కి ఎన్నాళ్ళయిందో.

"హేమా, నేనే. రేపు బస్సుకు వచ్చేయి. అత్త జాడీ దించినా. ముక్కుపుడక అందులో పడిందేమోనని ఇప్పుడే తట్టింది."

"ఉండాదా అక్కా?" అంటుంది హేమలత.

"చూళ్ళేదు. నువ్వూ, కుప్పమ్మా కూర్చున్నాకే మూత తీసేది. కుప్పమ్మ ఇంటికి నేనే పోతా ఉండా, ఇప్పుడే."

"చూడకుండానే పిలుస్తా ఉండావా?" హేమలత ముక్కు చీది, "పుస్తకం ఏమన్నా తీసుకురానా?" అని అడుగుతుంది.

"తీసుకురా. ఆఖరి పేజీ ఉండాదో లేదో చూసుకో."

"అక్కా, ఒకవేళ అందులో లేకపోతే?"

"లేకపోతే ముగ్గురమూ చారు కాచుకుని తాగుదాం" అంటుంది వకుళ. "నువ్వు రా."