చివరి నట్టు

పొద్దున్నే ఇంటికి తాళం వేసి, గేటు దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి తాళం లాగి చూసుకోవడం బిగింపాయనకి అలవాటు. ఒకసారి లాగితే ఆయన మనసు కుదుటపడేది కాదు. గేటు వేసి వీధిలోకి వచ్చాక కూడా ఇంకోసారి వెళ్ళేవాడు. ఆయన భార్య స్కూలు వ్యాను నడుపుతుంది, పిల్లలంతా ఆవిడని వ్యానత్త అంటారు. ఆయన తాళంతో కుస్తీ పడుతున్నంతసేపూ ఆవిడ స్టీరింగు ముందు కూర్చుని, ఆ ఇల్లు తనది కానట్టు ఏదో కూనిరాగం తీస్తూ ఉండేది.

ఆయన వచ్చి పక్క సీట్లో కూలబడ్డాక, "పడిందా?" అనేది.

"పడింది, కానీ..." అనేవాడాయన. ఆ "కానీ" అక్కడే ఆగిపోయేది. బండి అప్పటికే వాలు దిగుతూ ఉండేది.

ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. పెళ్ళిచూపులకి వెళ్ళిన ఇంట్లో కూడా కుర్చీ కాలు వదులుగా ఉందని వంగి కూర్చున్న మనిషి. పిల్ల ముఖం తర్వాత చూశాడట, ముందు కుర్చీ బిగించాడట. ఆ పిల్లే వ్యానత్త. ఈ కథ ఆవిడే అందరికీ చెప్పి నవ్వుతుంది.

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన సొంత బుర్రతో రకరకాల పరికరాలు చేసేవాడు. స్కూటరు అద్దం మీద వాన చినుకులు తుడిచే చిన్న చెయ్యి, పాలు పొంగబోతుంటే టకటకలాడే మూత, మబ్బు పడితే బట్టల్ని వసారాలోకి లాక్కునే తీగ, సాయంత్రం కాలక్షేపానికి ఊగే బల్ల, కాళ్ళతో సహా మడిచి చంకలో పెట్టుకుని పోగలిగే క్యారమ్ బోర్డు. నీళ్ళ ట్యాంకు దగ్గర మొదలై లారీలు తిరిగే పెద్ద రోడ్డు దాకా ఏటవాలుగా దిగే ఆ వీధిలో, ఆయన చేతి వస్తువు లేని ఇల్లు లేదు.

ఏ వస్తువుకైనా చివరి నట్టు బిగించినవాళ్ళ గుణమే వస్తుందని అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. కుట్టుమిషన్లు బాగుచేసేవాడు ముక్కోపి. అతని కొట్టు నుంచి వచ్చిన మిషన్ కొన్నాళ్ళ పాటు వేలు గుచ్చుతూనే ఉంటుంది. మొహమాటస్తుడు బిగించిన కుళాయి ఎంత తిప్పినా పూర్తిగా మూసుకోదు, ఎవరినీ కాదనలేదు పాపం. బిగింపాయన వస్తువులకి ఆయన కంగారు వచ్చేది. పక్షి నీడ పడినా చాలు, తీగ తడిబట్టల్ని లోపలికి లాగేసేది. పొయ్యి వెలిగించకముందే పాలమూత గగ్గోలు పెట్టేది. ఊగేబల్ల అయితే ఊపు కాస్త పెరగ్గానే ఆగిపోయి, కూర్చున్నవాళ్ళు సర్దుకునేదాకా కదలనని మొరాయించేది. "ఆయన చేతిది కదా, భయస్తురాలు," అని జనం దాన్ని ఒకసారి తట్టి ఊరుకునేవాళ్ళు.

ఆయన ఇప్పటిదాకా చేసినవన్నీ ఒక ఎత్తు, వ్యాను కోసం చేసిన పెట్టె ఒక ఎత్తు. వ్యానత్త ఆ వాలులోనే బండి ఆపి, దిగి, తలుపు తీసి, పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే ఎత్తి దించుతుంది. చేతిబ్రేకు వదులైతే? ఆవిడ బండి ముందునించి దాటుతున్నప్పుడే వదులైతే? ఈ ఆలోచన వచ్చిన నాటి నుంచి ఆయన కంటి మీద కునుకు లేదు. పెడలూ చేతిబ్రేకూ ఒక పక్క, చక్రాలు ఒక పక్క ఉండేలా, మధ్యలో పిడికెడంత పెట్టె ఒకటి తయారుచేశాడు. డ్రైవరు మరిచిపోయినా సరే, వాలులో బండిని అదే పట్టుకోవాలి. బ్రేకుల మాట ఏదైనా ఆ పెట్టె ద్వారానే చక్రానికి చేరాలి.

బ్రేకులు తయారుచేసే కంపెనీ నుంచి ఒకావిడ పరీక్షించడానికి వచ్చింది. మొదటిసారి నడిపినప్పుడు పెట్టె, కాకి అడ్డొచ్చిందని చక్రం పట్టేసింది. ప్లాస్టిక్ సంచి ఎగిరిందని పట్టేసింది. రోడ్డు పక్కన ఎవరో దగ్గారని కూడా పట్టేసింది. పరీక్షలావిడ నుదురు రుద్దుకుంటూ దిగింది.

"లోపలి పని చాలా బావుందండీ," అంది. "కానీ ఇంత కంగారు ఎవరు భరిస్తారు? ఇంకెవరిచేతైనా బిగించి చూపించండి. నేను ఇంకొక్కసారి రాగలను. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

ఈసారి కూడా కుదరకపోతే షెడ్డు మూసేసి బస్సు డిపోలో టైర్లకి గాలి కొట్టే పనిలో చేరిపోతానని బిగింపాయన ఇంట్లో చెప్పేశాడు. చెప్పినప్పటి నుంచీ షెడ్డులో కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. ఎవరిచేత బిగించాలి? ముక్కోపి బిగిస్తే బండి ఎదుటివాళ్ళ మీదికి పోతుంది. మొహమాటస్తుడు బిగిస్తే అసలు ఎక్కడా ఆగదు. అలా తిరుగుతూ తిరుగుతూ, గడప మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ జామకాయ కొరుకుతున్న భార్యని చూశాడు. ఇన్నేళ్ళలో ఆవిడ నోట భయం అనే మాట విన్న గుర్తు లేదు ఆయనకి.

"నువ్వొక నట్టు బిగించాలి," అన్నాడు.

"నేనా? సీసా మూత కూడా మీరే కదండీ తీసిపెడతారు."

"బలం అక్కర్లేదు. నీ గుణం కావాలి."

"ఇన్నాళ్ళకి నా గుణానికి గిరాకీ వచ్చిందన్నమాట!" అని నవ్వుతూ ఆవిడ స్పానర్ అందుకుంది. కూనిరాగం తీస్తూనే నట్టు తిప్పింది, మధ్యలో జామకాయ కూడా కొరికింది. ఆఖర్న ఆయన చెయ్యి తనంతట తనే స్పానర్ మీదికి పోయింది. ఆవిడ చప్పున ఆ చేతి మీద ఒకటి వేసింది.

"మీరు ముట్టుకుంటే మళ్ళీ మొదటికొస్తుంది. పదండి అవతలికి."

ఆయన రెండు చేతులూ జేబుల్లో దాచుకుని బయటికొచ్చాడు. ఆ రోజంతా వేళ్ళు జిలపెడుతూనే ఉన్నాయి.

పరీక్ష రోజున, పిల్లల్ని బడి దగ్గర దించేసి ఖాళీ వ్యానుతో మైదానానికి వెళ్ళారు. పరీక్షలావిడే నడిపింది. కాకి అడ్డొచ్చింది, పెట్టె లెక్కచెయ్యలేదు. సంచి ఎగిరింది, దాన్నీ లెక్కచెయ్యలేదు. సుద్దగీత దగ్గర ఆపితే బండి మెత్తగా ఆగింది. కాకపోతే గీత దాటి, ఒక మూరెడు అవతలికి పోయి ఆగింది.

అది బిగింపాయన చూశాడు. చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. అప్పటికే పరీక్షలావిడ నవ్వుతూ దిగుతోంది. ఇవాళైనా ఊరుకోండి అన్నట్టు భార్య ఆయన వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆయన "కానీ" అన్నప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వుతూనే ఉన్నారు. ఆ ఒక్కరోజు ఆయన దాన్ని మింగేశాడు.

"బావుంది. ఇక వాలులో చూద్దాం," అంది పరీక్షలావిడ.

వ్యానత్త బండిని వీధి పైకొసకి తీసుకెళ్ళి, ముక్కు కిందికి పెట్టి ఆపింది. పరీక్షలావిడ ట్యాంకు పక్కన నిలబడింది. పెద్ద రోడ్డు నుంచి ఎవరూ వీధిలోకి రాకుండా బిగింపాయన కింద కాపలా ఉన్నాడు, ఆయన వెనకే లారీలు రొదపెడుతూ పోతున్నాయి. ఇంజను ఆపాలి, చేతిబ్రేకు వదలాలి, పెడలు మీంచి కాలు తియ్యాలి. పెట్టె ఒక్కటే బండిని పట్టుకుని నిలపాలి. పరీక్ష అంతే.

పైనించి పరీక్షలావిడ చెయ్యి ఊపింది. వ్యానత్త బ్రేకు వదిలింది.

బండి షికారుకి బయల్దేరినట్టు నెమ్మదిగా కదిలింది. ఆవిడ పెడలు తొక్కింది. చేతిబ్రేకు లాగింది. ఆ మాట రెండువైపుల నించీ పెట్టెకి చేరింది, పెట్టె మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. బండి వేగం అందుకుంది. అద్దం వెనకాల భార్య ముఖం కనిపించింది ఆయనకి. ఆ పెదాల మీద కూనిరాగం లేదు. పక్కకి తప్పుకోవాలని కూడా తోచక, ఆయన రోడ్డు మధ్యలో రెండు చేతులూ చాచి నిలబడిపోయాడు. మూరెడు, మూరెడు అన్న మాటే తలలో గిర్రున తిరుగుతోంది.

అప్పుడు మొదటి ఇంటి వసారాలోంచి బట్టల తీగ తడి దుప్పట్లతో సహా బయటికి దూకి, వ్యాను వెనక బంపరుకి చుట్టుకుంది. గట్టిగా లాగింది, తెగింది. తర్వాతి ఇంట్లోంచి ఇంకో తీగ వచ్చింది. రిటైరైన పోస్టుమాన్ ఊగేబల్ల మీద టీ తాగుతున్నాడు. బల్ల ఆయన్ని అరుగు మీద జాగ్రత్తగా దించి, గొలుసులు ఈడ్చుకుంటూ పోయి చక్రం కింద అడ్డం పడింది. వంటిళ్ళలో పాలమూతలన్నీ ఒక్కసారిగా టకటకలాడాయి, జనం బయటికి పరిగెత్తుకొచ్చారు. నిలబెట్టిన స్కూటర్ల అద్దాల మీద చిన్నచేతులన్నీ ఆగు ఆగు అన్నట్టు ఊగాయి. క్యారమ్ బోర్డులు మడతలు విప్పుకుని, దొర్లుకుంటూ వచ్చి, ఒకదాని వెనకొకటి రోడ్డుకడ్డంగా కాళ్ళు తన్నిపెట్టి నిలబడ్డాయి. మొదటివి విరిగాయి. చివరిది విరగలేదు.

వ్యాను ఆగింది. దాని ముక్కు బిగింపాయన చొక్కా బొత్తానికి తగిలి ఆగింది. ఆయన వెనక ఒక లారీ పెద్దగా హారన్ కొట్టుకుంటూ పోయింది.

"టీ ఒక్క చుక్క ఒలకలేదయ్యా," అన్నాడు పోస్టుమాన్ గ్లాసు ఎత్తి చూపిస్తూ. ఎవరూ నవ్వలేదు.

వ్యానత్త తలుపు తీసుకుని దిగింది. అక్కడే రోడ్డు మీద చతికిలబడింది. చేతులు వణుకుతుంటే వాటిని వింతగా చూసుకుంది, ఎవరివో అన్నట్టు.

"ఎదురుగా మీరు," అంది. "బ్రేకు పడట్లేదు, ఎదురుగా మీరు. తప్పుకోరేంటండీ?"

"నాదే తప్పు," అన్నాడాయన పక్కన కూర్చుంటూ. "మైదానంలో గీత దాటి ఆగింది. చూశాను. చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"ఎప్పుడూ చెప్తూనే ఉంటాను కదా అని."

ఆవిడ ఆయన చొక్కా బొత్తాన్ని పట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ళూ ఈ మనిషి రోజూ మోసింది ఇదేనా అనిపించి ఆవిడకి ఏడుపొచ్చింది. తర్వాత చెయ్యి చాచింది.

"స్పానర్ ఇలా ఇవ్వండి."

చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చిన పరీక్షలావిడ, బండి కింద దూరిన వ్యానత్త కాళ్ళు చూసి, విషయం అర్థమై పక్కన నిలబడింది. వ్యానత్త నట్టు విప్పింది. వణికే చేతులతోనే మళ్ళీ బిగించింది. కళ్ళనీళ్ళు ముక్కు మీదికి కారుతుంటే తుడుచుకోకుండా, ఒక్కో తిప్పుకీ ఊపిరి బిగబట్టి బిగించింది. ఈసారి బిగింపాయన చెయ్యి స్పానర్ మీదికి పోలేదు.

"మళ్ళీ పరీక్ష అంటే... ఇవాళే అక్కర్లేదమ్మా," అంది పరీక్షలావిడ.

"ఇవాళే," అంది వ్యానత్త. "రేపటికి నేను ఎక్కలేను."

వీధివాళ్ళంతా కలిసి బండిని పైకి తోశారు. అడ్డం పెట్టడానికి దుంగలు కూడా తెచ్చుకున్నారు. బిగింపాయన ఈసారి భార్య పక్క సీట్లో కూర్చున్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుని బ్రేకు వదిలింది. బండి కదల్లేదు. ఆవిడ కళ్ళు తెరిచేదాకా ఆయన కూడా ఊపిరి తీసుకోలేదు. ఆ తర్వాత నిదానంగా వాలు దిగారు. కాకి అడ్డొస్తే పెట్టె పట్టించుకోలేదు. ఎవరి ఇంట్లోంచో బంతి ఒకటి రోడ్డు మీదికి దొర్లింది. బంతి వెనక పిల్ల రాకముందే పెట్టె చక్రాన్ని పట్టేసింది.

"ఇదీ కావలసింది," అంది పరీక్షలావిడ కింద ఎదురొచ్చి. "తీసుకుంటాం. కానీ ప్రతి పెట్టెకీ చివరి నట్టు ఈవిడే బిగించాలి."

షెడ్డు మూతపడలేదు. అందులో ఇంకో స్టూలు వేశారు, అంతే.

కొన్నాళ్ళ తర్వాత ఒక పొద్దున బిగింపాయన ఇంటికి తాళం వేశాడు. ఒకసారి లాగి చూసి వచ్చి బండెక్కాడు. స్టీరింగు ముందు ఎవరూ లేరు. వ్యానత్త గేటు తీసుకుని లోపలికెళ్ళి తాళం లాగుతోంది. గేటు దాకా వచ్చి, ఆగి, మళ్ళీ వెళ్ళింది. ఆ గుణం ఆవిడకి తనవల్లే పట్టుకుందని ఆయనకి తెలుసు. ఆ బాధ గుండెలో ముల్లులా ఉంది. ఆవిడ కూనిరాగం తీసి కూడా చాలా రోజులైంది.

ఆవిడ వచ్చి కూర్చుని గేరు వేసింది.

"పడిందా?" అన్నాడాయన.

"పడింది, కానీ..." అంది ఆవిడ.

బండి కదల్లేదు. ఇంజను ఆడుతూనే ఉంది, పెట్టె చక్రాన్ని వదల్లేదు.

"కానీ?" అని ఆయన ఆవిడ వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు.

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. కిటికీ గడియ గురించి, షెడ్డు రేకు గురించి, రాత్రి కలలో బంతి వెనకాల పరిగెత్తిన పిల్ల గురించి. ఆయన మధ్యలో నవ్వలేదు, ఏం కాదులే అనలేదు. ఆవిడ చెప్పడం పూర్తయ్యాకే పెట్టె చక్రాన్ని వదిలింది. వాలు సగం దిగాక, ఆవిడ మరిచిపోయిన ఆ కూనిరాగం పక్క సీట్లోంచి, శ్రుతి లేకుండా వినిపించింది.