తెల్లగా మిగిలిన సీసాలు

ఆ ఉదయం డ్రెయిను కాలవ నిండా చేపలు వెల్లకిలా తేలాయి. జెల్లలు, కట్టిపరిగెలు, మూరెడేసి పండుగప్పలు. కొనప్రాణంతో ఉన్నవి నోళ్ళు పైకి పెట్టి గాలి కోసం కొట్టుకుంటున్నాయి. రత్నమాణిక్యం గట్టున నిలబడి చూసింది. ముప్ఫై ఏళ్ళుగా ఈ నీళ్ళలో పట్టిన చేపల్ని నెత్తిన మోసి ఊరూరా అమ్మిన మనిషి. ఆమె మొగుడు పెదబాబు వల పక్కన పడేసి కూలబడ్డాడు.

ఎగువన రొయ్యల ఫ్యాక్టరీ గొట్టం నుంచి బూడిదరంగు నీళ్ళు దిగుతూనే ఉన్నాయి.

మధ్యాహ్నం పన్నెండున్నరకి పొల్యూషన్ బోర్డు ఆఫీసరు కారులో వచ్చాడు. గొట్టం దగ్గర ఆగనైనా ఆగలేదు. రెండు కిలోమీటర్లు దిగువన, లాకుల్లోంచి నీళ్ళు నురగలతో కిందకి దూకే చోట మీటరు ముంచాడు.

"ఆక్సిజన్ ఆరు పాయింట్ ఒకటి. నీళ్ళు భేషుగ్గా ఉన్నాయమ్మా. చేపలకేదో రోగం వచ్చుంటుంది."

"రోగమైతే అన్నీ ఒక్క పూటే చచ్చిపోతాయేంటండీ?" రత్నమాణిక్యం అడిగింది.

ఆయన కారెక్కేశాడు.

సాయంత్రం పేట మొత్తం తుఫాను షెల్టరులో చేరింది. పేటలో పుట్టి, టౌనులో ఆక్వా ల్యాబులో చెరువు నీళ్ళు పరీక్ష చేసే అశ్విని లేచి నిలబడింది.

"మధ్యాహ్నం ఎండకి నీళ్ళలో నాచు ఆక్సిజన్ వదులుతుంది. లాకుల దగ్గర నీళ్ళు దూకి గాలి కలుపుకుంటాయి. ఆ టైము, ఆ చోటు కావాలనే చూసుకున్నారు. తెల్లారకముందు గొట్టం దిగువన కొలిస్తే అసలు సంగతి తేలుద్ది. ఎల్లుండి ఫ్యాక్టరీ పెంచడానికి జనం అభిప్రాయం అడిగే మీటింగు పెడుతున్నారు. ఆ పొద్దున్నే మనం కొలుద్దాం."

"కొలిచి? షెడ్డు మూయిస్తారా?" పెదబాబుకి చెల్లెలి వరసైన చిన్నమ్మాయి గయ్యిమంది. ఆమె ఆ ఫ్యాక్టరీ షెడ్డులోనే రొయ్యలు ఒలుస్తుంది. "నలభై మందిమి ఆ కూటి మీదే బతుకుతున్నాం. మా నోట్లో మన్ను కొడతారా?"

రత్నమాణిక్యం ఆమె చెయ్యి పట్టుకుని దీపం కిందకి లాగింది. ఐసునీళ్ళకి వేళ్ళ చర్మం తెల్లగా పాసిపోయి ఉంది.

"నీ చేతులు తినేసిందీ ఆ ఫ్యాక్టరీవాడే, మా చేపల్ని చంపిందీ వాడే. షెడ్డు మూయమని ఎవరన్నారే? ఆ మురుగు శుభ్రం చేసి వదలమంటున్నాం. అందుకు వాడి దగ్గర సొమ్ము లేదా?"

చిన్నమ్మాయి చెయ్యి లాక్కుని విసవిసా వెళ్ళిపోయింది.

మీటింగు రోజు వేకువన ఇరవైమంది ఆడవాళ్ళు సీసాలతో మొలలోతు నీళ్ళలో దిగారు. అశ్విని గట్టు వెంట నడుస్తూ కేకేస్తోంది. "సీసాలో బుడగ మిగలకూడదు. నేనిచ్చిన రెండు మందులూ పోసి మూత బిగించండి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు వస్తుంది. లేకపోతే విరిగిన పాలలా తెల్లగా పేరుకుంటుంది. మూత మాత్రం తియ్యకండి!"

గొట్టానికి ఎగువన పట్టినవి గోధుమరంగు తిరిగాయి. దిగువన పట్టిన ప్రతి సీసా తెల్లగానే ఉండిపోయింది. రత్నమాణిక్యం తన సీసా కేసి చూసింది. ఊపిరాడకుండా చచ్చిన చేపల కళ్ళు గుర్తొచ్చాయి. ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

అంతలో షెడ్డు టోపీ తల మీద ఉండగానే చిన్నమ్మాయి వచ్చింది. "నువ్వన్న మాట నిజమే, నాకో సీసా ఇయ్యి వదినా. సరిగ్గా గొట్టం కింద నేను పడతాను. అక్కడ కాలు ఎక్కడ ఆనుద్దో నాకే తెలుసు."

పదింటికి స్కూలు మైదానంలో షామియానా కింద మీటింగు. ఆడవాళ్ళు సీసాలు వరసగా బల్ల మీద పెట్టారు. ఆఫీసరు ఒకదాని మూత తీసి ఊపాడు. కాసేపటికి అది గోధుమరంగుకి తిరిగింది.

"చూశారా? ఇందులోనూ ఆక్సిజన్ ఉంది."

"అది మీరిప్పుడు కలిపిన గాలండీ!" అశ్విని అరిచింది. "ఆ గాలేదో డ్రెయిన్లో చేపలకి ఇప్పించండి!"

మైదానం మొత్తం గొల్లుమని నవ్వింది. ఎస్సై ముందుకొచ్చాడు. అశ్విని మందులు దొంగిలించిందని ల్యాబు ఓనరు కంప్లైంటు ఇచ్చాడట. అశ్విని చెయ్యి పట్టుకున్నాడు.

రత్నమాణిక్యం అడ్డం నిలబడింది. "ఆ మందు నా సీసాలోనూ ఉంది. నన్నూ జీపెక్కించండి."

"నా సీసాలోనూ!" "నా దాంట్లోనూ!" ఆడవాళ్ళు అరిచారు.

లాఠీలు లేచాయి. బల్ల తిరగబడింది, సీసాలు పగిలాయి. పెళ్ళాన్ని లాగుతున్న కానిస్టేబులుకి అడ్డంపడ్డ పెదబాబు తల పగిలింది. అతన్ని ఆటోలో కాకినాడ ఆస్పత్రికి తీసుకుపోతుంటే, రత్నమాణిక్యాన్నీ, అశ్వినినీ, మరో అయిదుగురినీ జీపులోకి తోశారు.

రాత్రంతా స్టేషన్లో కూర్చోబెట్టారు. తెల్లారాక ఎస్సై తెల్లకాయితం ముందు పెట్టాడు. "ఇంకెప్పుడూ పరీక్షకి నీళ్ళు పట్టం అని రాసివ్వండి. వెళ్ళి మీ ఆయన్ని చూసుకో. ఇంకా స్పృహ రాలేదంట."

రత్నమాణిక్యం కాయితం వైపు చెయ్యి చాచింది.

అప్పుడే బయట కేకలు. కిటికీలోంచి చూస్తే గేటు ముందు జనం. ముందు వరసలో చిన్నమ్మాయి, వెనక షెడ్డు ఆడవాళ్ళు, ఆ వెనక దిగువ ఊళ్ళ జాలర్లు.

"వదినా! ఇవాళ షెడ్డులోకి ఒక్కరూ పోలేదు! పెదబాబన్న దగ్గర మనవాళ్ళున్నారు, నువ్వు జంకకు!"

రత్నమాణిక్యం కాయితం లాక్కుని అశ్విని చేతిలో పెట్టింది.

"రాయమ్మా. మేం పట్టం అని కాదు. ఎవడు చంపాడో, ఎవడు దాచాడో, నా మొగుడి తల ఎవడు పగలగొట్టాడో రాయి. ముందు నా వేలిముద్ర."

ఆ రోజు ఎస్సై ఆ ఫిర్యాదు తీసుకోలేదు. గేటు ముందు నుంచి ఒక్కరూ కదల్లేదు.